మాస్టారి మూడడుగులు

మా కటింగు మాస్టారు టేపు పెట్టి కొలవనిదేదీ నమ్మేవారు కాదు. ఎండ మండిపోతోందంటే "ఎంత?" అనేవారు. ఆకలేస్తోందన్నా "ఎంత?" అనేవారు. యూనిఫాం చొక్కాలు కుట్టే మా హాల్లో నలభై మందిమి. ఆయన్ని మెడలో టేపు లేకుండా చూసినవాడు ఒక్కడూ లేడు. స్నానానికైనా తీస్తారా అని వాళ్ళావిణ్ణి అడిగితే, "తీస్తారు. ముందు దాంతో బకెట్టు కొలిచి తీస్తారు" అంది.

ఆవిడ కష్టాలు ఆవిడవి. "ఈమధ్య మీకు నామీద ధ్యాస తగ్గింది" అని ఒకరోజు నిష్ఠూరమాడిందట. "ఎప్పట్నించి? ఎంత తగ్గింది?" అన్నారట ఈయన. మర్నాడు మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తే లోపల ఏమీ లేదు. మాస్టారు టేపు దించి లోతు చూశారు. "నాలుగంగుళాల కోపం. అలా చెబితే కదా తెలిసేది!" అని సంతృప్తిగా మూత పెట్టేశారు.

ఆయన పిచ్చిలో పెద్దది నేలమీది సుద్దగీతలు. మిషనుకీ మిషనుకీ మధ్య సరిగ్గా మూడడుగులు. రోజూ అందరికంటే ముందొచ్చి, మోకాళ్ళమీద పాకుతూ కొలిచి, చెరిగిన గీతలు దిద్దేవారు. ఒక మిషను జరిగితే ఆయనకు పంటికింద రాయి పడ్డట్టుండేది.

నేను చొక్కా చేతులు కుట్టేవాణ్ణి. నా ఎడమపక్క మిషను కాలర్లు కుట్టేవాడిది. అతన్నీ 'కాలరు' అనే పిలిచేవాళ్ళం. మాట తక్కువ, పనితనం ఎక్కువ. కొత్త ఆర్డరు వస్తే మొదటి చొక్కా కుట్టే నమూనా గదికి రేపోమాపో అతనే పెద్ద అవుతాడని అందరికీ తెలుసు.

అప్పుడే ఆఫీసువాళ్ళు ఫారాలు పంచారు. 'ప్రమాదం జరిగితే ఎవరికి కబురు చెయ్యాలి?' అన్నచోట కాలరు ఒక మగమనిషి పేరు రాశాడు. 'మీకేమవుతారు?' అన్నచోట, 'నేను ప్రేమించి కలిసి బతుకుతున్న మనిషి' అని రాశాడు. గుమాస్తా చదివాడు. టీ వేళకి హాలంతా చదివేసింది.

"తమ్ముడనో స్నేహితుడనో రాస్తే పోయేదిగా?" అన్నాను నేను.

"నా వేలు సూది కిందపడితే పరిగెత్తుకొచ్చేది అతనే. పదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆ ఒక్క కాగితంలోనన్నా అబద్ధం ఎందుకనుకున్నాను" అన్నాడు.

ఆ తర్వాత అతనితో మాటలు తగ్గాయి. గుండీలు కుట్టే అక్క మాత్రం ఎప్పట్లాగే అతని దగ్గర దారం అప్పు తీసుకుని ఎగ్గొడుతూనే ఉంది. మిగతావాళ్ళం అతనికి దూరంగా జరగడం మొదలుపెట్టాం. నేనూ జరిగాను. నాకతనితో తగాదా ఏమీ లేదు. వెనకవాడు "ఏం బావా, మరీ అతుక్కుని కూర్చున్నావే!" అని ఇకిలించాడు, అంతే. మిషన్ని కాలితో నాలుగంగుళాలు నెట్టాను.

మర్నాడు వచ్చేసరికి మిషను గీతల్లో ఉంది.

మళ్ళీ నెట్టాను. మళ్ళీ గీతల్లోకి వచ్చింది. రెండువారాలు ఇదే ఆట.

"ఇటైతే వెలుతురు బాగుంటుంది మాస్టారూ."

"ఎంత బాగుంటుంది?"

మనిషితో పోట్లాడవచ్చు. టేపుతో ఏం పోట్లాడతాం? ఆయన అటు తిరగ్గానే మళ్ళీ నెట్టాను.

ఒకరోజు మేనేజరు హాల్లోకొచ్చి గొంతు తగ్గించాడు. కాలరు కుడుతూనే ఉన్నాడు.

"మాస్టారూ, అతన్ని గోడౌన్లో ప్యాకింగుకి పంపించేద్దాం. నమూనా గదికి ఇంకెవర్నైనా చూడండి. అందరికీ ఇబ్బందిగా ఉందట."

"ఎంత ఇబ్బంది?"

ఒక్కొక్క మిషనే ఆగిపోయింది.

"అదేమన్నా కొలిచేదా మాస్టారూ?"

"కొలత లేకుండా నేను గుడ్డే కొయ్యను. మనిషినెలా కోస్తాను?" మాస్టారు కొలతల పుస్తకం తెరిచి, చెవి మీది పెన్సిలు తీశారు. "ఎనిమిదేళ్ళ కాలర్లు ఇందులో ఉన్నాయి. రెండు కొసలకీ నూలుపోగంత తేడా రాలేదు. ఏ కొలతలో తప్పాడో చెప్పండి, రాసుకుంటాను. చెప్పినవారి పేరు కూడా రాసుకుంటాను."

"అది కాదండీ... అతని ఇంటి వ్యవహారం..."

"ఇంటి వ్యవహారం చొక్కాలో ఏ భాగంలోకి వస్తుంది? చేతుల్లోకా, జేబులోకా?"

మేనేజరు ముఖం తుడుచుకున్నాడు. "మీకు చెప్పి లాభం లేదు."

"ఎంత లాభం లేదో చెప్పండి సార్, రాసుకుంటారు!" అంది గుండీలక్క.

హాలంతా గొల్లుమంది. కాలరు కూడా తలవంచుకుని నవ్వాడు. రెండువారాల తర్వాత అతని నవ్వు చూడటం అదే మొదటిసారి. నేనూ నవ్వాను గానీ, నా మిషను కిందున్న సుద్దగీత కనబడి ఆపేశాను. ఆ 'అందరికీ ఇబ్బంది'లో నా నాలుగంగుళాలు కూడా ఉన్నాయి.

పై సోమవారం, మాస్టారు రాసిచ్చిన పేరుతోనే ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. నమూనా గదికి కాలరే పెద్ద.

అతను మా వరసలో పనిచేసే చివరిరోజున నేను మాస్టారికంటే ముందే వెళ్ళాను. ముందురోజు కూడా అలవాటుగా నెట్టిన నా మిషన్ని నేనే గీతల్లోకి జరుపుదామని. జరిపి, ఎందుకో టేపు పెట్టి చూశాను. మిగతా వరసంతా మూడడుగులు. నాకూ కాలరుకీ మధ్య మాత్రం రెండడుగుల పదంగుళాలు.

మాస్టారు వచ్చారు. "కొలత తప్పారు మాస్టారూ! రెండంగుళాలు తక్కువ" అన్నాను.

"గట్టిగా అరవకు." ఆయన అటూ ఇటూ చూశారు. "నువ్వు నెట్టడం మొదలుపెట్టిన మర్నాడే వరసంతా సర్ది ఆ గీతలు మార్చాను."

"ఎందుకు?"

"రెండు ముక్కలు కలిపి కుట్టాలంటే ఒక్కోదాంట్లోంచి అంగుళం కుట్టులోకి పోదూ? ఇన్నేళ్ళు చేతులు కుట్టావు, ఇదీ నేనే చెప్పాలా?"

అంతలో కాలరు లోపలికొచ్చాడు. నేను లేచి నిలబడ్డాను. "నేనూ జరిగాను. తప్పయిపోయింది" అన్నాను.

అతను నావైపు చూశాడు. మాస్టారివైపు చూశాడు.

"ఎంత?" అన్నాడు, నవ్వాపుకుంటూ.

"నాలుగంగుళాలు. రోజూ."

మాస్టారి చెయ్యి అలవాటుగా చెవి మీది పెన్సిలు అందుకుంది. ఒక్క క్షణం ఆలోచించి, దాన్ని మళ్ళీ చెవిమీదే పెట్టేసుకున్నారు.