అమ్మ పీకేసిన బెరుకులు

ల్యాబులో డీఎన్ఏ తీయడానికి వరి ఆకు నూరినప్పుడల్లా ఆ పచ్చి వాసన నన్ను మా ఊరు మునగాలలోని పొలంలో దింపేస్తుంది.

మేం విత్తనాల కోసం వరి వేసేవాళ్లం. పైరు ఈనే వేళకు, మిగతా వాటికంటే ఎత్తుగా, వేరేగా కనబడే మొక్కల్ని ఏరి పారేయాలి. వాటిని మా దిక్కు బెరుకులంటారు. అవి కలిస్తే విత్తనాన్ని ఎవరూ కొనరు. అమ్మ బురదలో దిగి ఒక్కొక్కదాన్నే వేళ్లతో సహా పీకి గట్టు మీదికి విసిరేది. గట్టు మీద నేనుండేదాన్ని, మా క్లాసులో అందరికంటే పొడుగుదాన్ని.

"బాగ పెరిగినయే పీకుతున్నవేందమ్మా?"

"అన్నిటి లెక్క లేవు బిడ్డా. ఉంచితే విత్తనమంత ఖరాబైతది."

నాకు భయమేసింది. ఆ ఏడాదంతా బడిలో ప్రార్థనకి మోకాళ్లు కొంచెం వంచే నిలబడ్డాను.

అమ్మ చెప్పింది నిజమే. విత్తనానికి ఒకే పోలిక కావాలి. జీవానికి మాత్రం అది చాలదు. అన్నీ ఒకేలా ఉన్న పొలాన్ని ఒక్క తెగులు ఊడ్చేస్తుంది. అప్పుడు తట్టుకుని నిలిచేది ఏదో ఒక తేడా మొక్కే. పరిణామం అలాంటివాటిని పట్టుకునే ఇంత దూరం నడిచింది. ఇప్పుడు ల్యాబులో నేను వెతికేదీ వాటినే.

మొన్న ఫోన్లో అమ్మ అడిగింది. "గాడ ఏం పని చేస్తున్నవ్ బిడ్డా?"

"బెరుకులు ఏరుతున్న."

"ఇంత సదివి గదేనా?"

"గదే అమ్మా. పారేస్తలేను, గంతే."