ఖాళీ మేకు

ఇవాళ ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు చింతపండు గుజ్జుతో ఒక ఇత్తడి బిళ్ళ తోమాను. ఆ వాసన వేళ్ళకు పట్టింది, సబ్బుతో కడిగినా పోలేదు. మణుగూరు బొగ్గు బాయి లాంప్ రూంలో పనికి చేరిన రోజు నుంచీ ఎరిగిన వాసన. ఆ పని నాకు నేర్పిన రాజలింగం కాక చనిపోయి నెల అయింది. ఆయన గురించి రాద్దామని కూర్చుంటే, నాకు ఇప్పటికీ సరిగా అర్థం కాని ఒక్క రోజే గుర్తుకు వస్తోంది.

బాయి దిగే ప్రతి మనిషికీ దీపంతో పాటు నంబరు కొట్టిన బిళ్ళ ఇచ్చేవాళ్ళం. పైకి వచ్చాక అతనే దాన్ని తన మేకుకు తగిలించాలి. షిఫ్ట్ అయిపోయాక మేకు ఖాళీగా ఉంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. మా నాయిన ఒకరోజు తన బిళ్ళను తోటివాడి చేతికిచ్చి, నువ్వు తగిలించు, వెనకే వస్తానన్నాడట. ఆయన లోపలే కుప్పకూలాడు. మేకు నిండి ఉంది కాబట్టి ఎవరూ వెతకలేదు. తరువాతి షిఫ్ట్ వాళ్ళకు శవమై కనిపించాడు. ఆ రోజు లాంప్ రూం కిటికీ దగ్గర డ్యూటీలో ఉన్నది కాకే.

నాయిన పోయినందుకు నాకు లాంప్ రూంలో ఉద్యోగం ఇచ్చారు. మొదటి రోజు కాక చెప్పింది ఒక్కటే. "ఎవల బిళ్ళ వాళ్లే తగిలియ్యాలె బిడ్డా. ఇంకొకల చెయ్యి పడొద్దు. నీ చెయ్యి గూడ."

ఆయన రిటైర్ కావడానికి ముందు సంవత్సరం, ఇరవై ఒక్కమందిమి బస్సు కిరాయికి తీసుకొని కోరంగి మడ అడవులు చూడటానికి వెళ్ళాం. తెల్లవారేసరికి అశ్వారావుపేట పామాయిల్ తోటలు దాటాం. పడవ ఎక్కేముందు కాక సంచిలోంచి మేకులు కొట్టిన చెక్క, పాత బిళ్ళలు తీసి తలా ఒకటి ఇచ్చాడు.

"సముద్రం కాడ గూడ షిఫ్టేనా కాకా? ఓటీ రాసుకుంటవా?" అని ఒకతను ఎగతాళి చేశాడు.

"రాసుకుంట. నువ్వైతే జల్దీ తిరిగి రా."

కాలువ సముద్రంలో కలిసే చోట ఇసుక తిన్నె మీద దిగాం. బురదలో గెంతే చేపల్ని, మడ చెట్ల వేళ్ళ మీద వాలిన కొంగల్ని చూశాం. నీటికుక్కలు వరుసగా నీళ్ళలోకి జారాయి. అందరూ ఫోన్లు పైకెత్తారు. కాక మాత్రం అవి మునిగిన చోటునే చూస్తూ నిలబడ్డాడు. ఐదు దిగాయి, నాలుగే లేచాయి అన్నాడు. నేను మొదటి నుంచీ నాలుగే చూశాననుకుంటున్నాను. ఇప్పుడు ఖాయంగా చెప్పలేను.

తిరిగి పడవ ఎక్కుతూ ఎవరి బిళ్ళ వాళ్ళు తగిలించారు. ఇరవై రెండు మేకుల చెక్క మీద ఒకటి ఖాళీగా మిగిలింది. కాక ఒడ్డునే నిలబడి, ఒకరు రాలేదన్నాడు. మేం రెండుసార్లు లెక్కపెట్టుకున్నాం, ఇరవై ఒక్కమందిమీ ఉన్నాం.

"పాటు తీసేత్తందండీ, నీళ్ళెనక్కి పోతన్నాయి," అన్నాడు పడవతను. "ఇంకాసేపాగితే పడవ బురదలో కూర్చుండిపోద్ది."

ఎవరు రాలేదని నేనడిగాను.

"నీ నాయిన," అన్నాడు కాక.

ఎవరూ నవ్వలేదు. నాయిన బిళ్ళ కాక చొక్కా జేబులోనే ఉంది, అంచు మీది నంబరు బయటికి కనిపిస్తోంది. నీళ్ళు తిన్నె నుంచి వెనక్కి పోతున్నాయి. నేను దిగి, ఆ బిళ్ళను జేబులోంచి తీసి ఖాళీ మేకుకు తగిలించాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. "ఎక్కిండా? కండ్లార చూసినవా?"

"అవ్ కాకా. ఎక్కిండు."

అప్పుడు పడవ ఎక్కాడు. బస్సులో ఆ బిళ్ళ తీసి నా చేతిలో పెట్టాడు.

మతిమరుపు అప్పటికే మొదలైందని ఆయన భార్య తరువాత చెప్పింది. కానీ ఆ తరువాత ఏడాది పాటు లాంప్ రూంలో ఆయన ఒక్క నంబరు తప్పలేదు. నాయిన బిళ్ళ పొరపాటున తెచ్చాడా, కావాలనే తెచ్చాడా? అన్నీ తెలిసే, ఎవరో ఒకరు 'ఎక్కిండు' అన్న మాట తనతో అనాలని అడిగాడా? నేను ఆయన భారం దించానో, ఆయన నేర్పిన ఒక్క నియమాన్నీ ఆయన ఎదుటే తప్పానో నాకు తెలియదు. చాలాసార్లు రెండూ నిజమే అనిపిస్తుంది, మరునాటికి రెండూ కావనిపిస్తుంది.

ఇవాళ తోమిన ఆ నాయిన బిళ్ళనే తుడిచి ఇంటి కిటికీలో పెట్టి డ్యూటీకి వెళ్ళాను. బాయి గేటు దగ్గర ఇప్పుడు మిషన్ ముఖం చూసి హాజరు వేసుకుంటుంది. మేకుల చెక్క తీసేశారు. ఎవరికీ బిళ్ళ ఇవ్వడం లేదు.