రెండు కేబుళ్ల లగ్గం

ఐస్‌క్రీమ్ కరగడం మీరంతా చూసే ఉంటారు. ఉద్యోగం కరగడం చూశారా? నేను చూశాను. నాచారంలో, పట్టపగలు, ఆయుధ పూజ రోజున, నుదుట ఇంత బొట్టు పెట్టుకుని మరీ చూశాను. అది చుక్కచుక్కగా కారి ఫ్యాక్టరీ గేటు దగ్గర చిన్న మడుగు కట్టింది. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ రోజది నవ్వులాట కాదు. మీరు మాత్రం నిరభ్యంతరంగా నవ్వుకోండి.

అప్పటికి ఉప్పల్లో మెట్రో స్తంభాలు లేవు. చౌరస్తా దాటడం మాత్రం అప్పుడూ ప్రాణసంకటమే. మాది బాపట్ల వైపు. చదువయ్యాక పీర్జాదిగూడలో అక్కావాళ్లింట్లో దిగబడ్డాను. మా బావ రమణ నాచారంలో ఒక ఐస్‌క్రీమ్ ఫ్యాక్టరీలో అకౌంటెంటు. యజమాని సుధాకర్ రెడ్డి గారిని బతిమాలి, తన పరువు అడ్డం పెట్టి, నన్ను అక్కడ కంప్యూటర్ల మనిషిగా చేర్పించాడు. దసరా దాకా చూస్తామన్నారు. పండగ సరుకు సజావుగా వెళితే ఉద్యోగం ఖాయం, లేకపోతే బాపట్ల బస్సు ఖాయం. బావ రోజూ స్కూటర్ నడుపుతూ, తల వెనక్కి తిప్పకుండానే హెచ్చరించేవాడు.

"ఒరే ప్రసాదూ, నువ్వు పోతే పోయావు. నీతోపాటు నా మాట కూడా పోతుంది. కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని చెయ్."

"నా మీద నమ్మకం లేదా బావా?"

"ఉంటే రోజూ ఎందుకు చెబుతాను?"

ఫ్యాక్టరీలో రెండు స్విచ్‌లుండేవి. గోడ మీది లైటు స్విచ్ కాదండీ, కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి కలిసే పెట్టె. ఒకటి ఆఫీసులో సర్వర్ పక్కన, రెండోది గేటు దగ్గర డిస్పాచ్ షెడ్డులో. రెంటికీ మధ్య ఒక్కటే కేబుల్. పండగ సీజన్లో బిల్లులన్నీ దాని మీదే పడి, గేటు చీటీ ఒకటి రావాలంటే చాయ్ తాగి వచ్చేంత సేపు పట్టేది. ఏ దుకాణానికి ఎంత సరుకో అంతా కంప్యూటర్లోనే ఉండేది, ఆ చీటీ లేకుండా ఏ బండీ గేటు దాటకూడదన్నది సారు ఆర్డరు. ఆ సలహా ఇచ్చిన మహానుభావుణ్ణి నేనే.

దీనికి నా దగ్గర ఒక విద్య ఉంది. రెండు కేబుళ్లు వేసి, అటూ ఇటూ స్విచ్‌లకు 'ఇవి రెండు కాదు, ఒకటే' అని నేర్పితే, బరువు చెరిసగం పంచుకుంటాయి. ఒకటి తెగినా రెండోది నడిపిస్తుంది. నేర్పకుండా ఊరికే రెండూ తగిలిస్తే మాత్రం కొంప కొల్లేరే. ఈ దారిన వెళ్లిన కబురు ఆ దారిన తిరిగొచ్చి, మళ్లీ వెళ్లి, గిరగిరా తిరుగుతూ వేలకు వేలై, ఇంకే కబురునీ కదలనివ్వదు. సర్వర్‌కీ ఆఫీసు స్విచ్‌కీ మధ్య జంట కేబుళ్లు అంతకుముందే వేసి నెగ్గాను. ఇక ధైర్యం తలకెక్కింది. పండగ ముందురోజు రెండు స్విచ్‌ల మధ్య కూడా మొదలుపెట్టాను.

అప్పుడొచ్చింది పెద్దమ్మ. సారు వాళ్లమ్మ. ఫ్యాక్టరీలో సారు మాటకు ఎదురు లేదు, పెద్దమ్మ మాటకు సారే ఎదురు చెప్పరు. నా చేతిలో కొత్త కేబుల్ చూసి అడిగింది.

"ఏంది బిడ్డా, ఒక్కటి సాలదా? రెండెందుకు?"

"లగ్గం లాంటిది పెద్దమ్మా. ఇద్దరూ ఒకటై కాపురం చేస్తారు. బరువు పంచుకుంటారు. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు ఇల్లు నడుపుతారు."

"అబ్బ, ఎంత మంచిగ జెప్పినవ్ బిడ్డా."

నా తెలివికి నేను మురిసిపోయాను. ఆవిడ నాకంటే ఎక్కువ మురిసిపోయింది. అక్కడే నా తలరాత తిరగబడింది.

సాయంత్రానికి పని పూర్తయింది. చీటీలు చకచకా వస్తున్నాయి. ఇక మిగిలింది చిన్న ముక్క. స్విచ్‌కి నేర్పినదంతా కరెంటు ఉన్నంతసేపే దానికి గుర్తుంటుంది. ఎప్పటికీ గుర్తుండాలంటే చివర్లో 'సేవ్' అని ఒక్క ఆజ్ఞ ఇవ్వాలి. అది ఇవ్వబోతుంటే బయట బావ స్కూటర్ హారన్ మోగింది. బావ హారన్ రెండుసార్లే మోగుతుంది, మూడోసారి ఉండదు, ఇంటికి నడిచి వెళ్లాల్సిందే. పరుగెత్తాను. ఇక్కడ మీరు భయపడాలి. నేను భయపడలేదు, ఎందుకంటే నాకు గుర్తే లేదు.

మర్నాడు ఆయుధ పూజ. పూజంటే తెలుసు కదా, ముందు ఫ్యాక్టరీలో మెషీన్లన్నీ ఆపేస్తారు. తుడిచి, కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, దండలు వేసి, మంచి ఘడియ చూసి మళ్లీ ఆన్ చేస్తారు. కంప్యూటర్లు కూడా మెషీన్లేగా. సారు మెయిన్ ఆపించారు. నేను నిలబడి, స్విచ్ మీద బొట్టు సమంగా పడిందా లేదా అని చూస్తున్నాను.

పెద్దమ్మ పసుపుకొమ్ము కట్టిన దారం తెచ్చింది. ఆఫీసు స్విచ్ దగ్గర ఆ రెండు కేబుళ్లనూ దగ్గరికి లాగి, మూడు ముళ్లూ వేసింది. అందరూ అక్షింతలు చల్లారు. నేను కూడా చల్లాను. సారు మెయిన్ వేశారు. స్విచ్ మీది పచ్చ దీపాలన్నీ ఒక్కసారిగా పిచ్చెక్కినట్టు కొట్టుకోవడం మొదలెట్టాయి.

"సూడుండ్రి, ఎంత హుషారుగున్నయో," అన్నారు సారు.

"కొత్త జంట కదండీ," అన్నాను నేను. అందరూ నవ్వారు. ఆ రోజు నేను నవ్వడం అదే ఆఖరు.

బయట బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. భువనగిరికి, జనగామకు, నారపల్లి దుకాణాలకు పండగ సరుకు. అన్నీ ఐసు పెట్టెల బండ్లే, ఎండెక్కకముందే కదలాలి. టైర్ల కింద నిమ్మకాయలు కూడా పెట్టేశారు. డిస్పాచ్ చూసే మల్లేశన్న లోపలికొచ్చాడు.

"తమ్మీ, చీటీ వస్తలేదు."

"ఆగన్నా, ఇప్పుడేగా ఆన్ చేశాం."

కాసేపటికి మళ్లీ వచ్చాడు. "తమ్మీ, కంప్యూటర్ జమ్మని నిలవడ్డది. ఏం నొక్కినా ఉలుకు లేదు పలుకు లేదు."

ఆఫీసులో కూడా ఏదీ కదలడం లేదు. సర్వర్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. అలాగే ఉంది. స్విచ్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. దీపాలు మరింత హుషారుగా కొట్టుకున్నాయి. నిన్న బంగారంలా నడిచింది, ఇవాళ ఏమైంది? వైరసా, ఎలుకా, కుంకుమ లోపలికి రాలిందా, ఎవరి దిష్టైనా తగిలిందా? చదివిన చదువంతా పోయి దిష్టి దగ్గరికి వచ్చానంటే నా స్థితి మీరే ఊహించుకోండి.

బావ నెమ్మదిగా వచ్చి చెవిలో అడిగాడు. "ఏం చేశావురా?"

"ఏం చేయలేదు బావా."

"ఏం చేయకపోతే ఇంత ఎలా అవుతుంది?"

మల్లేశన్న మూడోసారి వచ్చాడు. ఈసారి నాతో మాట్లాడలేదు, నేరుగా సారుతోనే చెప్పాడు. "సార్, ముందల బండికెళ్లి నీళ్లు కారుతున్నయ్. గులాబీ రంగున్నయ్."

సారు నా వైపు చూశారు. అరవలేదు. అరిచినా బాగుండేది. "ఏందయ్యా ప్రసాద్, పండుగ సరుకు. ఏమైతదో జెప్పు," అన్నారు మెల్లగా. బావ తలవంచుకుని నేల చూస్తున్నాడు. ఆ మనిషి పరువు కూడా బండిలోంచి కారిపోతోందని నాకప్పుడు తెలిసింది.

ఏం చేయాలో తోచక గేటు వైపు చూశాను. అప్పటికే బయటికెళ్లిన మల్లేశన్న ముందు బండి ఎక్కి విసుగ్గా హారన్ కొడుతున్నాడు. హారన్. బావ హారన్. నిన్న సాయంత్రం. సేవ్. మెయిన్ ఆపారు. స్విచ్‌లు రెండూ నిన్న నేర్చుకున్నదంతా మరిచిపోయాయి. ఇప్పుడవి ఒక జంట కాదు, ఉత్త రెండు కేబుళ్లు. కబుర్లు వాటి మధ్య గిరగిరా తిరుగుతున్నాయి. ఒక్క కేబుల్ ఊడబీకితే చాలు, అన్నీ లేచి కూర్చుంటాయి.

కేబుల్ మీద చెయ్యి వేశాను. "ఆగు బిడ్డా," అంది పెద్దమ్మ.

హారతి పళ్లెం పట్టుకుని కుర్చీలో అక్కడే కూర్చుని ఉంది. "ఏం జేస్తున్నవ్?"

"ఒకదాన్ని బయటికి తీయాలి పెద్దమ్మా."

"పుస్తె గట్టినంక ఇడదీస్తరా ఎవలన్న? నువ్వే గద లగ్గమన్నవ్?"

"అన్నాను పెద్దమ్మా. కానీ వీళ్లకిప్పుడు పొసగడం లేదు. ఇద్దరూ కలిసి ఊరందరినీ ఆపేశారు."

"పొద్దుగాలనేనాయె లగ్గమైంది. గింతల్నే ఇడుపుకాయితమా?"

సారు అమ్మ వైపు చూశారు, గడియారం వైపు చూశారు. బయట గులాబీ రంగు మడుగు గేటు దాటుతోంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నిజంగానే తిరిగాయి. "పెద్దమ్మా, ఇది తీయకపోతే సరుకంతా పోతుంది. నా ఉద్యోగం పోతుంది. మా బావ మీకిచ్చిన మాట పోతుంది," అన్నాను.

పెద్దమ్మ నన్నూ, కేబుళ్లనూ మార్చి మార్చి చూసింది. "సరే. ముడి ఇప్పకు. పిల్లను జర తల్లిగారింటికి తోలు. కోపం తగ్గినంక తీస్కరా."

ముడి విప్పకుండా ఒక్క కేబుల్ పెట్టెలోంచి లాగాను. దీపాలు నెమ్మదించాయి. షెడ్డులో ప్రింటర్ కిర్రుమంది. కాసేపట్లో మొదటి బండి కదిలింది, టైర్ల కింద నిమ్మకాయలు చిట్లాయి. అంత తియ్యని చప్పుడు నేను అంతకుముందు వినలేదు.

ముందు బండిలో సగం సరుకు మాత్రం పాయసమైపోయి మా ఇంటికి చేరింది. ఆ పండగంతా పీర్జాదిగూడలో మా వీధి వీధే ఐస్‌క్రీమ్ గ్లాసుల్లో పోసుకు తాగింది. బావ కూడా తాగాడు, నన్ను తిడుతూనే.

ఆ సాయంత్రం సారు ముందు దాచకుండా చెప్పేశాను. నేర్పాను గానీ సేవ్ చేయలేదని. సారు ఏదో అనబోతుంటే పెద్దమ్మ అందుకుంది.

"అంటే లగ్గం జేసినవ్ గని రిజిస్టర్ జేయించలే."

సారు నవ్వు ఆపుకోలేకపోయారు. "పెండ్లిపెద్దవు నువ్వేనాయె. ఆ పిల్లను మల్ల కాపురానికి తెచ్చేదాక యాడికి పోతవ్? రేపటికెళ్లి పనికి రా." అలా ఉద్యోగం ఖాయమైంది. ఆ పసుపుతాడు మాత్రం నేనక్కడ పనిచేసినన్నాళ్లూ ఆ కేబుళ్ల మీదే ఉంది.

రాష్ట్రం విడిపోయే రోజుల్లో నా పెళ్లయింది. పెద్దమ్మ కర్ర పట్టుకుని మండపానికి వచ్చింది. అక్షింతలు వేసి, నా చెవి దగ్గరికి వంగి మెల్లగా అడిగింది. "సేవ్ జేసినవా బిడ్డా?" మర్నాడే కొత్త పెళ్లికూతురిని ఆటో ఎక్కించుకుని ఉప్పల్లో రిజిస్ట్రారు ఆఫీసు ముందు వరసలో నిలబడ్డాను.

కనుక సకల దేవతల సాక్షిగా, మా బావ స్కూటర్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కరెంటుతో నడిచే ఏ వస్తువునూ సేవ్ చేయకుండా బొట్టుకి అప్పగించను. బావ ఎన్ని హారన్లు కొట్టినా కుర్చీలోంచి లేవను. అవసరమైతే పీర్జాదిగూడ దాకా నడిచే వెళతాను.