అండాలమ్మ, కల్లుమేడ దయ్యం

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల వీధిలో అండాలమ్మ బజ్జీల బండికి అంత గిరాకీ రావడానికి సగం కారణం మిరపకాయ ఘాటు, సగం దయ్యం కథ. నూనె కాగేదాకా పిల్లల్ని నిలబెట్టాలంటే ఏదో ఒకటి చెప్పాలి కదా. కర్మన్‌ఘాట్ అవతల పాడుబడ్డ కల్లుమేడ సంగతి ఎత్తుకునేది. నిజాం కాలంలో ఒక కల్లు కంట్రాక్టరు కట్టించుకున్న మేడ అది. అతన్ని సొంత తమ్ముడే గొడ్డలితో నరికి పెరటి బావిలో పడేశాడట. అప్పట్నుంచీ ఆ కంట్రాక్టరు మేడమీద నిలబడి వచ్చేపోయేవాళ్లను కల్లు అడుగుతుంటాడట. ఈ చివరి ముక్క మాత్రం అండాలమ్మ సొంత కల్పన.

భర్త అంతయ్యకు ఆర్టీసీలో డ్రైవరు ఉద్యోగం వచ్చినప్పుడు నల్లగొండ జిల్లా చిట్యాల దగ్గరి పల్లె నుంచి ఆమె కూడా పట్నం చేరింది. ఏళ్ల తరబడి చెబుతున్నదే గానీ ఆ మేడను ఒక్కసారీ చూసి ఎరగదు. కరెంటు పోతే వంటింట్లోకి పోవడానికి కూడా కూతురు అరుణజ్యోతిని తోడు పిలిచే మనిషి.

ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపో దాటలేదు. అంతయ్య జీతం లేకుండా ఇంట్లో కూర్చున్నాడు. కోచింగ్ సెంటర్లకు తాళాలు పడ్డాయి. అండాలమ్మ పొద్దున ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పుకు పోయి, నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి పులిహోర కలిపేది. ఇంటర్ రెండో సంవత్సరం చదివే అరుణజ్యోతి మెడలో గులాబీ కండువా వేసుకుని పొద్దస్తమానం ధర్నా శిబిరమని వెళ్తుంటే తల్లి మురిసిపోయేది.

పక్క వాటాలో శేషారత్నం ఉండేది. తెనాలి మనిషి. రాష్ట్రం సంగతి వస్తే చెరో మాట అనుకున్నా, ఇద్దరూ ఒకరినొకరు వదినా అనే పిలుచుకునేవాళ్లు. ఆమె భర్త శ్రీరామమూర్తి కోచింగ్ సెంటర్లో లెక్కల మాస్టారు. సమ్మె మొదలైన దగ్గర్నుంచీ ఆయనకు ఎక్కడలేని భక్తి పుట్టుకొచ్చింది. రోజూ మధ్యాహ్నం భోంచేసి, ఆంజనేయస్వామి గుడికని కర్మన్‌ఘాట్ వెళ్లిపోతున్నాడు. ఏదో దిగులు పట్టుకుందేమోలే అని శేషారత్నం అడగడం మానేసింది.

కరెంటు లేని ఒక మధ్యాహ్నం అండాలమ్మ మళ్లీ కల్లుమేడ కథ మొదలుపెడితే, శేషారత్నం విసనకర్ర ఆపి చూసింది.

"ఇంతకీ నువ్వు చూశావా వదినా?"

"సూడకుంట చెప్తనా?"

"అయితే పద, నాకూ చూపించు. టీవీ అయినా లేదు, ఊసుపోవటం లేదు."

మాట జారాక అండాలమ్మకు తప్పించుకునే దారి దొరకలేదు. ఎందుకైనా మంచిదని బజ్జీలు పొట్లం కట్టుకుని ఆటో ఎక్కింది. చూశానన్న మేడకు దారి తెలియక మధ్యలో మూడుచోట్ల అడగాల్సి వచ్చింది. అడిగినప్పుడల్లా శేషారత్నం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ప్రహరీ కూలిపోయి ఉంది. ఆవరణంతా తుమ్మచెట్లు. బావి ఒకటి నిజంగానే ఉంది. అది కంటపడగానే అండాలమ్మ శేషారత్నం చెయ్యి పట్టుకుంది. అప్పుడు వినిపించింది, మేడమీద నుంచి. పది గొంతులు కలిసి ఒకే రాగంలో ఏదో గొణుగుతున్నాయి. అండాలమ్మ మెట్ల మీద కూలబడి, పొట్లం రెండు చేతులతో పైకెత్తింది.

"కల్లు తేలే అయ్యా. బజ్జీలు తెచ్చిన. గివి తిని మమ్ముల ఇడిసిపెట్టు."

పైన గొంతులు టక్కున ఆగాయి. తర్వాత ఒక్కటే గొంతు, "సైన్ తీటా దగ్గర ఆగిపోయారేం?" అంది.

శేషారత్నం నిట్టూర్చింది. "లే వదినా. దయ్యం కాదు, మా ఆయన."

మేడమీద గోనెసంచులు పరుచుకుని పిల్లలు కూర్చున్నారు. గోడ నిండా సుద్దముక్కతో లెక్కలు. నుదుట సిందూరంతో శ్రీరామమూర్తి నిలబడిపోయాడు. సెంటరు తెరిస్తే అద్దాలు పగులుతాయని, దయ్యం ఉన్నచోటికి ఎవరూ రారని ఇక్కడ చేరానని మెల్లగా చెప్పాడు. అండాలమ్మకు ఆ మాటలేవీ వినబడలేదు. ముందు వరసలో, గులాబీ కండువాతో అరుణజ్యోతి కూర్చుని ఉంది.

అక్కడ తండ్రి జీతం పోగొట్టుకుని కూర్చుంటే, తాను ఎండలో పొయ్యి ఊదుతుంటే, ఇదా ఈ పిల్ల చేసేది అని ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పొద్దుగాల ధర్నకే పోతున్ననే అమ్మా," అంది అరుణజ్యోతి. "మధ్యాహ్నం ఈడికొస్తున్న. రేపు తెలంగాణ ఒస్తె నౌకరి జెయ్యాల్నంటె సదువొద్దా?"

మాస్టారు సుద్దముక్క జేబులో వేసుకుని, వద్దంటే ఇవాళ్టితో ఆపేస్తానన్నాడు. అండాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుని బజ్జీల పొట్లం విప్పి పిల్లల మధ్య పెట్టింది.

"ఆపకుండ్రి సార్. జర మెల్లగ సదివియ్యుండ్రి. దయ్యాలు గంత ముద్దుగ సదవయి."

ఆ వారమే, సెంటర్లు మూయించే కుర్రాళ్ల నాయకుడు శ్రీనివాస్ బండి దగ్గరికి వచ్చాడు. కర్మన్‌ఘాట్ దిక్కున ఎవరో దొంగతనంగా క్లాసులు చెబుతున్నారట, వెళ్లి చూడాలన్నాడు. అండాలమ్మ నూనె సంగతి మరిచి కథ అందుకుంది. ఈసారి కళ్లారా చూసిన మెట్లు, బావి, తుమ్మచెట్లు కూడా కలిశాయి. శ్రీనివాస్ వెంట వచ్చిన కుర్రాళ్లు ఒకరి వెనక ఒకరు జరిగారు. అతను మాత్రం అంతా విని, వాళ్లు వెళ్లిపోయేదాకా ఆగి, దగ్గరికి జరిగాడు.

"పెద్దమ్మా, గా దయ్యాలకు కెమిస్ట్రీ గూడ చెప్తరా? మా చెల్లెకు గదే కష్టమైతున్నది."

మర్నాటి నుంచి మేడమీద మరో గోనెసంచి పరిచారు.

సమ్మె విరమించాక అంతయ్య బస్సెక్కాడు. క్లాసులు మళ్లీ దిల్‌సుఖ్‌నగర్ వచ్చేశాయి. వదినలిద్దరికీ మాత్రం ఆ మేడగాలి నచ్చింది. తీరిక దొరికిన మధ్యాహ్నాల్లో వెళ్లి, ఆ మెట్ల మీద కూర్చుని బజ్జీలు తింటూ, రాష్ట్రం ఇవ్వాలా వద్దా అని గొంతులు పెంచి వాదించుకునేవాళ్లు.

కొన్నాళ్లకు కొత్తగా వచ్చిన ఒక విద్యార్థి బండి దగ్గర నిలబడి, కల్లుమేడలో రెండు ఆడదయ్యాలు పట్టపగలే పోట్లాడుకుంటున్నాయని, ఒకటి నల్లగొండ దయ్యం, ఒకటి కోస్తా దయ్యమని వణుకుతూ చెప్పాడు. అండాలమ్మ అయ్యో అంటూ అతని పొట్లంలో ఇంకో బజ్జీ వేసింది.