వచనానికి పది కుట్లు

ముందుగా నా తండ్రియైన దేవునికి స్తోత్రం. గింజలో మొక్కను, దారంలో వెచ్చదనాన్ని దాచిపెట్టి, వాటిని వెతికి చూడాలన్న ఆరాటాన్ని చిన్నపిల్లల్లో పెట్టినవాడు ఆయనే. ఆ మాట చెప్పకుండా నాకు కలం కదలదు.

ఈ ఉదయం చుక్కకూర పప్పుకు వెల్లుల్లి తాలింపు వేశాను. ఆ పుల్లటి ఆవిరి ముఖానికి తగలగానే నేను ఐదో తరగతి చదివిన ఏడాది, వానలు వెలిసి, తెలంగాణ కోసం సమ్మె సాగుతున్న రోజులు గుర్తొచ్చాయి. మాది నల్గొండ దగ్గర పల్లె. అప్పుడు పట్నం వచ్చి కర్మన్‌ఘాట్‌లో ఒక ఇంటి వెనక భాగంలో కిరాయికి ఉండేవాళ్ళం. నాన్న సిటీ బస్సు డ్రైవర్. సమ్మెలో బస్సులు ఆగాయి, బడులు మూశారు. రోజంతా హారన్లతో అదిరే మా వైపు ఎంత నిశ్శబ్దమైందంటే, పొద్దున హనుమంతుడి గుడి గంట, మధ్యాహ్నం పక్కింటి కుక్కర్ కూత, సాయంత్రం సరూర్‌నగర్ చెరువు వైపు తిరిగిపోయే కొంగల అరుపు, అన్నీ విడివిడిగా వినబడేవి.

స్టీరింగు తిప్పే చేతులతో నాన్న ఖాళీ సిమెంటు సంచుల్లో మట్టి నింపి చుక్కకూర, చిక్కుడు పెట్టాడు. గింజ లోపల ఏం జరుగుతోందో చూడాలని నేను రోజూ ఒక చిక్కుడు గింజను తవ్వి, చూసి, మళ్ళీ పూడ్చేదాన్ని.

"దినాం తవ్వి జూస్తే అదెట్ల మొలుస్తదే? నిన్ను గిట్లనే నిద్రల లేపి లేపి జూస్తే నువ్వు పెరుగుతవా?" అని నాన్న నవ్వేవాడు.

అమ్మ ఆ చుక్కకూరతోనే పప్పు వండేది. పక్కన పచ్చి ఉల్లిగడ్డ ముక్క, అంతే. అందరం ఒకేసారి కూర్చుని తినడం మా ఇంట్లో కొత్త.

నానమ్మకు చదువు రాదు. బైబిలు వాక్యమంతా చెవులతోనే నేర్చుకుంది. మా సంఘంలో ఏ బిడ్డను దేవునికి ప్రతిష్ఠించడానికి తెచ్చినా, ఆమె అల్లిన ఊలు టోపీ ఆ తల మీద ఉండాల్సిందే. పదికి మించి లెక్క రాదు కనుక ఆమెకో పద్ధతి ఉండేది. కీర్తనలో ఒక్కో వచనం చెబుతూ సూది మీదికి పదేసి కుట్లు ఎక్కించేది. కీర్తన ముగిసేసరికి టోపీ చుట్టుకొలత కుదిరేది.

ఆ ఏడు ఆమెకు కంటి ఆపరేషన్ అయింది. ఇంటి ఓనరాంటీ తెనాలి మనిషి. ఆమె కూతురు పురిటికి వచ్చి ఉంది. పుట్టకముందే బిడ్డకు బట్టలు సిద్ధం చేయకూడదని ఆంటీకి పట్టింపు. కంటి పట్టీతో తాను అల్లలేక, నానమ్మ మాత్రం సూదులు, ఉన్న ఒక్క పసుపు ఊలుండ నా చేతిలో పెట్టి, కుట్టు వేయడం చూపించింది.

"ఆమెకు జెప్పకు బిడ్డ. ఒక కీర్తన జెప్పుకుంట కుట్లెక్కియ్యి, గంతే."

ఏ కీర్తనో చెప్పలేదు. అల్లికకు ఆమె చెప్పుకునేది ఒక్కటే, దానికి ఎనిమిది వచనాలు. నాకు కంఠతా వచ్చింది ఆదివారం బడిలో నేర్పినది, దానికి ఐదే.

ఉత్త దారం రెండు పుల్లల మధ్య దూరి బట్ట ఎలా అవుతుందో చూస్తూ ఐదు రోజులు అల్లాను. అయ్యాక నానమ్మ దాన్ని పిడికిలికి తొడిగింది. సగంలోనే ఆగిపోయింది.

"గిదేందే, నిమ్మకాయకు అల్లినవా? ఏ కీర్తన జెప్పినవ్?"

చెప్పాను. కంటి పట్టీ జారేదాకా నవ్వింది. "విప్పెయ్. మల్ల మొదలువెట్టు," అంది. దిల్‌సుఖ్‌నగర్‌లో దుకాణాలన్నీ మూసి ఉన్నాయి, వేరే ఊలు లేదు. నాకు మనసొప్పలేదు. టోపీని దిండు గలీబులో దాచి, అడిగినప్పుడల్లా "విప్పుతున్న" అని రెండు రోజులు అబద్ధమాడాను.

మూడో రోజు మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్ దవాఖాన నుంచి ఆంటీ అమ్మకు ఫోన్ చేసింది. బిడ్డ నెలన్నర ముందే పుట్టాడు.

"గుప్పెడే ఉన్నాడమ్మా. తలకి వెచ్చగా ఏదన్నా తొడగమంటోంది నర్సు. గుడ్డ చుడితే జారిపోతోంది, కొట్లేమో మూసేశారు. మామ్మగారి దగ్గర ఏమన్నా ఉందేమో అడగవూ?"

"అయ్యో, ఉన్న ఒక్కటి విప్పిచ్చేస్తి గదా!" అని నానమ్మ తల పట్టుకుంది. నేను గలీబులోంచి టోపీ తీసి ఆమె ఒళ్ళో పెట్టాను. ఎవరూ తిట్టలేదు. అమ్మ వేడినీళ్ళలో ఉతికి, ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టింది. నాన్న నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకున్నాడు.

కొత్తపేట దగ్గర రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి ఉద్యమకారులు వంటావార్పు చేస్తున్నారు. గరిటె పట్టుకున్న ఒకాయన సైకిలుకు అడ్డం వచ్చాడు.

"యాడికే అన్నా, గింత జల్ది?"

"దవాఖానకు. మా ఓనరోళ్ళ మనవడు పుట్టిండు, టోపీ దీస్కపోతున్న," అని నాన్న కాలు నేలకు ఆనించి, "తెనాలోళ్ళు," అన్నాడు.

"తెనాలైతే ఏంది, సలి వెట్టదా? పో పో, జర జల్ది పో!"

అద్దం తలుపు అవతల నర్సు టోపీ తొడిగింది. అది కనుబొమల దాకా దిగి, కదలకుండా నిలిచింది. ఆంటీ నా భుజాలు పట్టుకుని, "కొలత ఎవరిచ్చారే నీకు?" అంది.

ఇరవై రోజులకు బిడ్డ క్షేమంగా ఇంటికి వచ్చాడు. నా తప్పు కూడా దేవుడు చేయించిందేనా అని నానమ్మను అడిగాను.

"దేవుడు తప్పు జెయ్యమనడు బిడ్డ. అబద్ధమాడమని అసలే అనడు. మనం జేసిందాన్ని పారెయ్యడు, గంతే."

నానమ్మ ఇప్పుడు లేదు, ప్రభువునందు నిద్రించింది. సిమెంటు సంచులున్న చోట ఇప్పుడు అపార్టుమెంటు కార్లు నిలుస్తున్నాయి. గుడి గంట మోగుతూనే ఉంది కానీ హారన్లు దాటి, దగ్గరి వీధిలో ఇప్పుడు మేముంటున్న ఇంటి కిటికీ దాకా రాదు. ఆంటీ వాళ్ళు మరుసటి ఏడే ఇల్లు అమ్మి వెళ్ళిపోయారు. ఆ అబ్బాయికి ఇప్పుడు మీసాలు వస్తుండాలి. ఇక్కడ ఉన్నంతకాలం అందరం 'బుజ్జోడా' అనే పిలిచాం. తర్వాత బడిలో ఏ పేరు రాయించారో నాకు తెలియదు. ఎక్కడున్నాడో, ఏం చదువుతున్నాడో అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. చదువుతున్న మీరూ ఒక్క నిమిషం నాతో కలిసి అతని కోసం ప్రార్థించండి. పేరు తెలియకపోయినా ఫరవాలేదు, వినేవాడికి తెలుసు. ఆమేన్.