శుక్రవారం పదకొండు గంటల టేపు

తెలుగు సంవత్సరాల పేర్లు అరవయ్యీ నాకిప్పటికీ కంఠతా వచ్చు. ప్రభవతో మొదలుపెట్టి అక్షయ దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పగలను. మా ఇంట్లో వాటితో ఎవరికీ పనిలేదు. మాది కంకిపాడు, ఆదివారం ఆరాధన మానని క్రైస్తవ కుటుంబం. గోడమీద మిషను వాళ్ళ క్యాలెండరులో జనవరి, ఫిబ్రవరి తప్ప ఇంకేమీ ఉండేవి కావు. ఆ అరవై పేర్లూ నేను భక్తితో నేర్చుకున్నవి కావు. ఒళ్ళుమండి నేర్చుకున్నవి.

డెబ్భైల చివరి సంగతి. లెక్కల్లో బీయస్సీ అయ్యాక హైదరాబాదులో మూడు నెలలు కంప్యూటరు పని నేర్చుకుని, విజయవాడ గవర్నరుపేటలో ఒక కంప్యూటరు సెంటర్లో చేరాను. సెంటరంటే మేడమీద ఒక పెద్ద గది. బయట చెప్పులు విడవాలి. లోపల ఏసీ, బీరువాలంత మెషీన్లు, వాటి నెత్తిన కుంకుమ బొట్లు. పక్కగదిలో ఆరుగురు అమ్మాయిలు పొద్దస్తమానం టకటకా కార్డులకి కన్నాలు పెడుతుండేవారు. ఆ కన్నాలే మెషీను చదివే అక్షరాలు. చుట్టుపక్కల కంపెనీలు తమ జాబితాలు మాకిచ్చేవి. మేం వాటిని మెషీనులో పెట్టి, అడిగినప్పుడు అచ్చువేసి ఇచ్చేవాళ్ళం. ఇప్పటి పిల్లలు దాన్ని డేటాబేసు అంటారు, మేం ఫైలు అనేవాళ్ళం. ఫైలుని కాపాడ్డం, పాతబడితే తీసెయ్యడం, వారానికోసారి టేపు మీదికి కాపీ తియ్యడం నా ఉద్యోగం. వినడానికి ఎంత సులువుగా ఉందో చూడండి!

మా పైన సీనియర్ ఆపరేటరు గారొకరు ఉండేవారు. యాభై దాటినాయన, కార్డుల మెషీన్ల మీదే ఇరవయ్యేళ్ళు గడిపిన మనిషి. ఆయనకి రాని పనంటూ లేదు. నోరు విప్పి చెప్పే అలవాటు మాత్రం లేదు. టేబులు సొరుగులో ఒకవైపు స్క్రూడ్రైవరు, ఇంకోవైపు పంచాంగం ఉండేవి. రెండూ రోజూ బయటికి వచ్చేవి.

మాకొచ్చే జాబితాల్లో పెద్దది ఒక పంచదార ఫ్యాక్టరీది. ఏ రైతు చెరుకు ఏ రోజు నాటాడో అందులో ఉండేది. ముందు నాటిన తోట ముందు కొట్టాలి కాబట్టి, ఆ తేదీల వరసలో మేం అచ్చువేసి పంపితే, ఫ్యాక్టరీ వాళ్ళు రైతులకి కోత పర్మిట్లు ఇచ్చేవారు. పర్మిట్టు లేకుండా ఒక్క గడ కూడా గేటు దాటదు. నవంబరులో మొదలయ్యే సీజను వేసవి ముందు దాకా సాగుతుంది, అంటే రెండు ఇంగ్లీషు సంవత్సరాల్లో కాళ్ళు పెడుతుంది. ఆ గొడవ లేకుండా మా సీనియరు గారు ఫైళ్ళకి తెలుగు సంవత్సరాల పేర్లు పెట్టారు. పోయిన సీజనుది పింగళ, నడుస్తున్నది కాళయుక్తి.

“ఉగాది నించి ఉగాది దాకా లెక్క గదమ్మా, సీజనంతా ఒక్క పేరులో ఇమిడిపోద్ది,” అన్నారు.

నిజమే. ఆయనన్న ప్రతి మాటా నిజమే, అదే నా ఏడుపు. కానీ ఆ రెండు పేర్లలో ఏది ముందో ఏది వెనకో నేనడగలేదు, ఆయన చెప్పలేదు. క్లాసులో ఫస్టు వచ్చినదాన్ని, సంవత్సరం పేరు తెలీదని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

నేను మాత్రం ఒక కొత్త విద్య పట్టుకొచ్చాను. ఫలానా రోజు ఫలానా టైముకి ఫలానా పని చెయ్యమని ముందే చెప్పి ఉంచితే మెషీను తనంతట తనే చేస్తుంది. వారం వారం కాపీ తియ్యడం ఎవరో ఒకరు మర్చిపోవడం, ఒకరిమీద ఒకరు చెప్పుకోవడం ఎందుకని, శుక్రవారం పదకొండు గంటలకి పెట్టాను. ఆ టైముకి అమ్మాయిలంతా టీకి వెళ్తారు, మెషీను ఖాళీగా ఉంటుంది. మనిషి చెయ్యాల్సింది ఒక్కటే, పదకొండు లోపు ఖాళీ టేపు రీలు బిగించాలి. ఆ పని సీనియరు గారిది. టేపుల మీద ఆయన ఇంకొకర్ని చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు.

“శుక్రవారం పదకొండుకండీ,” అని చెప్పాను.

ఆయన గోడ గడియారం వంక చూసి, “అలాగేనమ్మా,” అన్నారు.

మన కృష్ణా జిల్లాలో ‘అలాగే’ అంటే సరేనని ఒక్కటే అర్థం కాదని, ఈ నేలమీద పుట్టిన నాకు ఆ పూట ఎందుకు తట్టలేదో! ప్రతి శుక్రవారం మధ్యాహ్నం కన్సోలు దగ్గరికెళ్ళి, అంటే మెషీనుకి పని చెప్పే టైపుమిషను లాంటి దాని దగ్గరికెళ్ళి చూసుకునేదాన్ని. ‘పని ముగిసింది’ అని అచ్చయి ఉండేది. రిజిస్టరులో టిక్కు పెట్టి మురిసిపోయేదాన్ని.

ఆ రోజుల్లోనే పామర్రు దగ్గర పల్లె నుంచి ఒకావిడ వచ్చింది. నలభై ఐదేళ్ళుంటాయేమో. మెట్లెక్కి, చెప్పులు విడిచి, ఏసీ చలికి కొంగు భుజాలచుట్టూ కప్పుకుని నిలబడింది. భర్త పక్షవాతంతో మంచంలో ఉన్నాడు, తనే కౌలుకి చెరుకు వేసింది. ఫ్యాక్టరీ మనిషి చేలోకి నెల ఆలస్యంగా వచ్చి, నాటిన తేదీ బదులు తనొచ్చిన తేదీ రాసుకుపోయాడు. జాబితాలో ఆవిడ నెల రోజులు వెనక్కి పోయింది.

“నెల ఆగితే గడ బెండుబారిపోద్దమ్మా. అదొక్కటే గాదు, ఫిబ్రవరిలోపు చేను ఖాళీ చెయ్యకపోతే వచ్చే ఏడు కౌలుకివ్వనని ఆసామి కూచున్నాడు. ఫ్యాక్టరీకి పోతే మిషన్లో ఉంది, మేం మార్చలేం, బెజవాడ పొమ్మన్నారు.”

ఎప్పుడు నాటావంటే ఏదో పండగ పేరు చెప్పింది. సీనియరు గారు పంచాంగం తీసి ఇంగ్లీషు తేదీ చెప్పారు. నేను కన్సోలు ముందు కూచుని తేదీ మార్చేశాను. ఐదు నిమిషాల పని. మామూలుగా అయితే చీటీ రాసి కాగితాల ఫైల్లో గుచ్చాలి. మెషీనులో ఉన్నాక మళ్ళీ చీటీ ఎందుకని గుచ్చలేదు.

“ఇంక మర్చిపోండి పిన్నిగారూ. మెషీనులో పడింది, ఎక్కడికీ పోదు,” అన్నాను.

ఆవిడ మెషీను వంక, నా వంక చూసి, దణ్ణం పెట్టి వెళ్ళింది. ఆ మాట తల్చుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఐదారు వారాలకి మెషీనులో చోటు నిండిపోయింది. గురువారం మధ్యాహ్నం సీనియరు గారు భోజనానికి లేస్తూ, “చెరుకుది పాతది తీసెయ్యమ్మా, చోటు చాలట్లేదు. సోమవారం జాబితా పంపాలి గదా,” అని కేరియరు పట్టుకుని వెళ్ళిపోయారు.

ఫైళ్ళ పేర్లు అచ్చు వేయించాను. పైన కాళయుక్తి, కింద పింగళ. పైనుంది కాబట్టి ముందుదని తీర్మానించుకున్నాను. మెషీను ఇంగ్లీషు అక్షరాల వరసలో పేర్చిందని నాకు తెలుసు, నేర్పారు కూడా. తెలిసిన విషయం అక్కరకి రావాలంటే ఒక్క క్షణం ఆగాలి. నేనాగలేదు. నిజంగా తీసెయ్యమంటావా అని ఆ కాలపు మెషీన్లు అడిగేవి కావు. కాళయుక్తి పోయింది. మెషీనులో చోటు ఖాళీ అయిందని సంతోషపడి, నేనూ టిఫిను డబ్బా విప్పుకున్నాను.

సీనియరు గారు వచ్చి చూశారు. కేకలేస్తే బాగుండేది. కుర్చీలో కూచుని, “పింగళ తర్వాత కాళయుక్తమ్మా,” అన్నారు నెమ్మదిగా.

“ఫర్వాలేదండీ, ఆరు శుక్రవారాల కాపీలున్నాయి,” అన్నాను. ధైర్యంగానే అన్నాను.

ఆయన నేల చూపులు చూశారు. “లేవమ్మా. శుక్రవారం పదిన్నర నించి పన్నెండు దాకా రాహుకాలం. ఆ టైముకి తిరిగేట్టు టేపు ఎట్లా బిగిస్తాను? మంచిపని గదా.”

టేపు లేకపోయేసరికి మెషీను కాసేపు ఎదురుచూసి, విసిగి, పని ముగించేసుకునేది. ముగిసిందని అచ్చువేసేది. అందులో అబద్ధం లేదు. నేను టిక్కులు పెట్టాను. ర్యాకులో రీళ్ళన్నీ కొత్త పెళ్ళికూతుళ్ళలా కవర్లు విప్పకుండా కూచున్నాయి. ఆ నిమిషంలో నాకు ఆయన మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మరుక్షణం నా మీద అంతకు రెట్టింపు వచ్చింది. ఆరు వారాల్లో ఒక్కసారి టేపు తిరుగుతోందా అని కళ్ళతో చూస్తే సరిపోయేది.

కార్డులు ఉన్నాయి కాబట్టి పూర్తిగా మునిగిపోలేదు. అమ్మాయిలు బీరువాల్లోంచి కార్డుల పెట్టెలన్నీ తీసి, శుక్రవారమంతా మళ్ళీ మెషీను చేత చదివించారు. ఫైలు తిరిగొచ్చింది. కానీ కార్డుల తర్వాత కన్సోలు మీద చేసిన దిద్దుబాట్లు రాలేదు. చీటీలు చూసి ఒక్కొక్కటే మళ్ళీ దిద్దాను. చివరికి ఒక్కటి మిగిలింది, చీటీ లేనిది. పామర్రు ఆవిడది. ఆవిడ పేరు పక్కన ఆ పాత తప్పు తేదీ తిరిగొచ్చి కూచుంది. మేం కొట్టిన తేదీ కన్సోలు కాగితం మీద ఉండాలి, కానీ ఆ కాగితం చుట్ట నెలాఖరున పాతపేపర్ల వాడికి పోయింది.

“మీరే కదండీ పంచాంగం చూశారు?” అన్నాను.

“రోజూ ఎంతోమందికి చూస్తానమ్మా. గుర్తుంటుందా?”

శనివారం పొద్దున్నే ఎప్పట్లా ఇంటినించి సెంటరుకొచ్చి, సీనియరు గారితో చెప్పి పామర్రు బస్సెక్కాను. కంకిపాడులో ఆగితే అమ్మ ఎందుకొచ్చావని అడుగుతుందని మొహం అటు తిప్పుకున్నాను. దారి పొడుగునా చెరుకు బళ్ళు. ఒక్కో బండి అడ్డం వచ్చినప్పుడల్లా, ఆ గడలు కోసినవాళ్ళందరికీ తేదీ సరిగ్గా ఉందన్నమాట అనుకుని, మళ్ళీ నన్ను నేను తిట్టుకున్నాను. పామర్రులో దిగి రిక్షా మాట్లాడుకుని పల్లెకి చేరేసరికి పదిన్నరయింది.

ఆవిడ వాకిట్లో మంచం మీద భర్తకి గంజి తాగిస్తోంది. నన్ను చూడగానే లేచి నిలబడింది. “పర్మిట్టు వచ్చిందా అమ్మా?”

దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. మెషీను పాడైందని చెబుదామనుకున్నాను. ఎవరూ కాదనరు. ఆ కళ్ళలోకి చూశాక నోరు రాలేదు.

“మీ తేదీ పోయిందండీ. నేనే చెరిపేశాను. మళ్ళీ చెప్పించుకు పోదామని వచ్చాను.”

ఆవిడ గిన్నె కింద పెట్టింది. “ఎక్కడికీ పోదన్నావు గదా?”

“అన్నానండీ.”

“రథసప్తమి మర్నాడు నాటా. అప్పుడూ అదే చెప్పా.” గొంతులో కోపం దాచుకోలేదు. “వరి విత్తనం పెట్టుకుంటే సగం మా ఇంట్లో, సగం మా ఆడపడుచు ఇంట్లో పెడతాం. ఒక ఇంట్లోకి నీళ్ళొచ్చినా రెండోది ఉంటది. అంత చదువుకుని, నా బతుకు ఒక్క చోట రాసి పెట్టావా?”

కాగితం తీసి రాసి, ఆవిడ చేత వేలిముద్ర వేయించుకున్నాను. ఆవిడ మంచినీళ్ళిచ్చింది, కూర్చోమని మాత్రం అనలేదు.

సోమవారం పొద్దున్న సీనియరు గారు తేదీ చూసి చెప్పారు, దిద్దాను, చీటీ గుచ్చాను, జాబితా వెళ్ళింది. అప్పుడు అడిగాను.

“రాహుకాలమని ముందే చెప్పొచ్చు కదండీ?”

“నువ్వడగలేదు గదమ్మా.”

“పింగళ ముందని?”

“అదీ అడగలేదు.” పంచాంగం మూసి, “నేనూ చెప్పాల్సింది,” అన్నారు. “పన్నెండుంపావుకి పెట్టమ్మా. నిక్షేపంగా బిగిస్తాను.”

డెబ్భై ఐదు నిమిషాలు! డెబ్భై ఐదు నిమిషాలు జరిపితే సరిపోయే దానికి ఆరు వారాలు నేను టిక్కులు పెట్టుకుంటూ, ఆయన పంచాంగం చూసుకుంటూ కూచున్నాం. మెషీనుకి కొత్త టైము చెప్పాను. ఆ వారం బస్సులో కూచుని అరవై పేర్లూ బట్టీ పట్టాను. మా నాన్న ఒకరోజు విని, “ఏమిటమ్మా ఆ మంత్రాలు?” అని కంగారుపడ్డాడు.

శుక్రవారం పదకొండున్నరకి మెట్ల మీద అడుగుల చప్పుడయింది. పామర్రు ఆవిడ. చేతిలో పర్మిట్టు, రేపటి తేదీతో. మనసు తేలికపడి కుర్చీ వేశాను. ఆవిడ కూచోలేదు.

“ఇప్పుడు నా చెరుకు రెండు చోట్ల ఉందా?”

“పర్మిట్టు వచ్చేసింది కదండీ, ఇంకేం భయం?”

“ఈ ఏడుకి వచ్చింది. కొట్టిన మొదళ్ళకి పిలకలొచ్చి ఇదే తోట మళ్ళీ వచ్చే ఏడు కొట్టాలి గదా? అప్పుడూ నీ మిషనే గదా చెప్పాల? ఉందా, లేదా?”

అబద్ధమాడే ఓపిక నాకు లేదు. “పన్నెండుంపావుకి టేపు మీదికి ఎక్కుతుందండీ. ఇప్పుడు రాహుకాలమట.”

“అవును మరి,” అంది ఆవిడ. “అవును మరి,” అన్నారు సీనియరు గారు కూడా, పంచాంగం మీంచి తలెత్తకుండానే. వాళ్ళిద్దరికీ అంత చక్కగా కుదిరింది! ఆవిడ గుమ్మం పక్కన గోడకి చేరగిలబడి, కాళ్ళు ముడుచుకుని, చలికి కొంగు కప్పుకుని కూచుంది. బస్సు తప్పిపోతుందన్నా వినలేదు.

పన్నెండు దాటాక సీనియరు గారు లేచి, కొత్త రీలు కవరు విప్పి బిగించారు. పన్నెండుంపావుకి ఎవరూ ముట్టుకోకుండానే రీలు కదిలింది. కాస్త తిరగడం, ఆగడం, మళ్ళీ తిరగడం. ఆవిడ రెప్పవేయకుండా చూస్తోంది. నేనూ వెళ్ళి ఆవిడ పక్కనే నిలబడ్డాను. ఇన్ని వారాలుగా నేనూ చూడలేదు మరి. రీలు పూర్తిగా ఆగాక ఆవిడ లేచి, చెప్పులు తొడుక్కుంటూ నా వంక తిరిగింది.

“ఇప్పుడు చెప్పు, ఎక్కడికీ పోదని,” అంది.