పంటు ఎక్కి పద్మ గొంతు వినడానికి

కాకినాడలో నేనుండే గది కిందే నెట్ సెంటర్. ఒకరి పేజీలో ఒకరు స్క్రాప్‌లని చిన్న చిన్న కబుర్లు రాసుకునే సైటు ఒకటి అలవాటైనప్పటి నుంచి నా సాయంత్రాలన్నీ అక్కడే ఖర్చయిపోతున్నాయి. తగ్గించుకుందామని అరగంటకే డబ్బులు కట్టి కూర్చుంటాను, లేచేసరికి షట్టర్ దించుతుంటారు. అసలు కారణం పద్మ, డిగ్రీలో నా రూమ్మేట్. పెళ్ళయి ముక్తేశ్వరం వెళ్ళింది. వాళ్ళాయనకి ఎస్టీడీ బూత్, అందులో రెండు కంప్యూటర్లు. రోజూ రాసుకుంటాం. ఫోన్ చేద్దామనుకుంటే అప్పటికే అన్నీ రాసేసుకుని ఉంటాం. వాళ్ళ పాప ఫొటోలన్నీ చూశాను గానీ, పద్మ గొంతు విని నాలుగేళ్ళు దాటింది. ఈమధ్య ఆ గొంతు కోసం ప్రాణం కొట్టుకుపోతోంది. అందుకే రెండో శనివారం నెట్ సెంటర్ వైపు చూడకుండా స్టేషన్‌కి నడిచాను. వస్తున్నట్టు రాయలేదు. రాయాలంటే ఆ పేజీ తెరవాలి, తెరిస్తే ఇక కదలను.

కోటిపల్లి రైలుబస్సు పొద్దున్న తొమ్మిదిన్నర ప్రాంతంలో బయల్దేరుతుంది. టికెట్ పది రూపాయలు. దారిలో గేట్ల దగ్గర కాపలా ఉండదు. బండి ఆపి, సిబ్బందిలో ఒకాయన దిగి గేటు వేస్తాడు. బండి దాటాక మళ్ళీ ఆపుతారు, ఆయన గేటు తీసి పరుగెత్తుకొచ్చి ఎక్కుతాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, నాకే ఓపిక లేదు. పద్మ ఏమైనా రాసిందేమోనని ఒకటే ఆరాటం. ద్రాక్షారామంలో ఆగినప్పుడు ఉండబట్టలేక ఆ గేట్లు వేసే ఆయన్నే అడిగాను.

“ఇక్కడ నెట్ సెంటర్ ఉందాండీ?”

“ఆయ్, ఉందండి. కానీ మీరు దిగితే బండి ఆగదండి. ఏంటండి, అంత అర్జెంటా?”

“అబ్బే, లేదండి,” అని కూర్చున్నాను. చెడ్డ సిగ్గేసింది.

కోటిపల్లి స్టేషన్ నుంచి ఆటోలో రేవుకి వెళ్ళి పంటు ఎక్కాలి. పంటంటే వెడల్పాటి మోటారు పడవ, మనుషులతోపాటు బైకులు, అరటిగెలలు కూడా ఎక్కేస్తాయి. గోదావరి పాయ గౌతమి దాటడానికి పావుగంట. అవతల షేర్ ఆటో ముక్తేశ్వరం సెంటర్లో దింపింది.

బూత్ తలుపు తీసే ఉంది. పద్మ నావైపు వీపు పెట్టి కీబోర్డు మీదకి వంగి ఉంది. తెర మీద నా పేజీ. నిండా పొద్దున్నుంచి తను రాసినవే. లేచావా, ఎక్కడున్నావే, ఒంట్లో బాగోలేదా అని వరసగా. ఇంకోటి కొడుతోంది, పలకవేంటే అని.

“పలికానుగా,” అన్నాను వెనకనుంచి.

కీబోర్డు మీద పద్మ చేతులు అలాగే ఉండిపోయాయి. తర్వాత తిరిగి, “ఇంత చిక్కిపోయావేంటే, ఫొటోల్లో బాగానే ఉంటావుగా,” అంది. గొంతు మునుపటిలా లేదు, కాస్త బొంగురుపోయింది. రోజూ రాసుకుంటూ కూడా ఆ సంగతి నాకు తెలియదు.

ఇంటికి తీసుకెళ్ళి పనసపొట్టు కూరతో అన్నం పెట్టింది. “చెప్పవే,” అన్నాను. “ఏం చెప్పను, అన్నీ చదివావుగా,” అంది. నవ్వుకున్నాం. తను మారు అన్నం వడ్డించింది. చివరికి తనే అంది, “బూత్‌లో ఉన్నంతసేపూ నీతో మాట్లాడినట్టే ఉంటుందే. ఇంటికొచ్చాక అసలు మాట్లాడనట్టే ఉంటుంది.” నాకూ అంతేనని చెప్పాను.

తిరుగు రైలుబస్సు మధ్యాహ్నమే వెళ్ళిపోతుంది కాబట్టి, సాయంత్రం పంటులో ఏరు దాటి రామచంద్రపురం మీదుగా బస్సులో రావాలి. అక్కడివాళ్ళు ఎవరినైనా రేవుదాకా సాగనంపితే, పంటు అవతలి ఒడ్డు చేరేదాకా అక్కడే నిలబడతారు. “చేరాక రాయకు. మళ్ళీ వచ్చి చెప్పు,” అంది పద్మ, రేవుదాకా వచ్చి. నేను పంటెక్కి, త్వరగా దిగొచ్చని ముందువైపు నిలబడ్డాను. వెనక్కి తిరిగితే బైకులూ జనమూ తప్ప ఏమీ కనబడలేదు. ఒడ్డు చేరి, జనం దిగాక చూస్తే, అవతల ఇసుకలో పద్మ పచ్చచీర ఇంకా అక్కడే ఉంది. చెయ్యి ఊపాను. తనకి కనబడిందో లేదో.

నెట్ మానేశానని చెప్పను. ఈ బ్లాగు రాస్తున్నదీ ఆ నెట్ సెంటర్లోనే, నవ్వుకోండి. తను ఆ పొద్దున రాసినవన్నీ నా పేజీలో అలాగే ఉన్నాయి. ఒక్కదానికీ జవాబు రాయలేదు. రాస్తే మళ్ళీ వెళ్ళననే భయం. రోజూ చూసుకుని బెంగపడుతున్నాను, ఆ బెంగే నన్ను వచ్చే రెండో శనివారం రైలుబస్సు ఎక్కిస్తుందని ఆశ.

మీరు వెళ్తే ఆఖరి పంటు ఎన్నింటికో ముందే రేవులో కనుక్కోండి. ఎక్కేటప్పుడు ముందువైపుకి ఎగబడకండి. సాగనంపడానికి ఎవరైనా వచ్చి ఉంటే వెనకవైపే నిలబడండి.